ఐదున్నర గంటలు

ఇంజన్లోంచి తీసిన డిప్‌స్టిక్ పుల్ల కొసన నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. మహిమ దాన్ని గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసింది. రెండోసారీ టీయే వచ్చింది. ఇంజన్లో నీళ్ళు ఆయిల్‌తో కలిసిపోయాయని చెప్పడానికి ఇంతకంటే చదువు అక్కర్లేదు. పక్కన నిలబడ్డ ఫిట్టర్లిద్దరూ "హెడ్డు పోయింది" అని ఒకేసారి అని, ఆ మాట ముందు ఎవరన్నారో తేల్చుకోవడంలో పడ్డారు.

అది సోమవారం పొద్దున. మణుగూరు దాటాక అడవి అంచున, పైమట్టి తవ్వి బొగ్గు బయటపెట్టే ఓపెన్‌కాస్ట్ గనిలో ఒక కాంట్రాక్టు కంపెనీ వర్క్‌షాపు. రేకుల షెడ్డు, ఆరిన గ్రీజు మరకలు, ఎక్కడ చెయ్యి పెట్టినా బొగ్గు పొడి. మహిమ అక్కడ డయాగ్నస్టిక్ టెక్నీషియన్. ఆ హోదా నోరు తిరగక అందరూ ఆమెను ల్యాప్‌టాప్ మేడం అంటారు. పేరు పెట్టి పిలవడం కంటే అదే వాళ్ళకు సులువైంది.

ఆమె మట్టి మోసే ఆ పెద్ద డంపర్ లారీ నిచ్చెన ఎక్కి క్యాబిన్లో కూర్చుంది. స్టీరింగ్ కింద సాకెట్ మూత తీసి, లోపలి దుమ్ము ఊది, కేబుల్ గుచ్చి తిప్పింది. రెండో కొస ల్యాప్‌టాప్‌కు పెట్టింది. ఇంజన్ పక్కన బిగించిన కంట్రోలర్ అనే పెట్టె అన్నీ తనలో రాసుకుంటుంది. ఎప్పుడు వేడెక్కింది, ఎప్పుడు ఆయిల్ తగ్గింది, హెచ్చరిక వచ్చాక నడిపేవాడు ఆపాడా లేదా అన్నీ. మనిషిని అడిగితే నాలుగు కథలు చెప్తాడు, పెట్టె ఒక్కటే చెప్తుంది. ఈ నమ్మకం మీదే మహిమకు ఉద్యోగం ఇచ్చారు. ఆమెకూ ఆ నమ్మకం గట్టిగానే ఉండేది.

తెర మీద వరసలు వచ్చాయి. ఆదివారం, ఉదయం పది ఇరవై ఐదు. నీటి వేడి హద్దు దాటింది, ఎర్ర లైటు వెలిగింది, బజర్ మోగింది. పదకొండు నిమిషాల పాటు ఇంజన్ ఆపలేదు. తర్వాత ఆపి, నీళ్ళు పోసి, మళ్ళీ నడిపారు. ఆదివారం రాత్రి షిఫ్టు ఉండదు కాబట్టి బండి నిలబడే ఉంది. వేడికి ఇంజన్ పైభాగం, హెడ్డు, పగిలిన చోటు నుంచి ఆ చల్లదనంలో నీళ్ళు ఆయిల్లోకి దిగాయి. తెల్లారి స్టార్ట్ కాలేదు.

మహిమ రిపోర్టు ప్రింటు తీసి సైట్ మేనేజర్ సాంబమూర్తి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చదివాడు. ఆయనకు చూపు దగ్గరికి బాగుంటుంది, కళ్ళద్దాలు దూరానికి. దూరంలో ఉన్నవాళ్ళ పేర్లు మాత్రం కంప్యూటర్లో హాజరు పట్టీలో వెతుక్కుంటాడు.

"ఆదివారం మొదటి షిఫ్టు, ఈ బండి..." వేలు తెర మీద కిందికి జారి ఆగింది. "ఇన్నయ్య. ఏడింటికి పంచ్ కొట్టిండు, మూడింటికి కొట్టి పోయిండు. పిలువు ఆయన్ని."

మహిమ అక్కడే నిలబడిపోయింది. ఆదివారం పది ఇరవై ఐదుకు ఇన్నయ్య ఎక్కడున్నాడో ఆమెకు తెలుసు. చర్చిలో, ఆమెకు కుడి పక్కన, చాప మీద కూర్చుని డోలక్ వాయిస్తున్నాడు. ఆమె రెండో చరణం ఎత్తుకునే ముందు ఆయన కనుబొమ్మలెగరేసి సైగ చేశాడు కూడా.

*

బండ్లు నడిపే ఆపరేటర్లు ఈ ఏర్పాటును సీటు బదులు అంటారు. ఎక్కేటప్పుడు ఎవరి హాజరు కార్డు వాళ్ళే పంచ్ కొడతారు, సీట్లో మాత్రం ఒకరి బదులు ఇంకొకరు కూర్చుంటారు, దిగేటప్పుడు ఆ కార్డు కూర్చున్నవాడే కొడతాడు. వీలు చూసుకుని ఆ బదులు తీర్చుకుంటారు. ఎప్పుడు, ఎలా అన్నది ఆ ఇద్దరి మధ్య లెక్క, మూడోవాడు అడగడు. ఆదివారం ఆరాధనకు పోవాలనుకునేవాళ్ళు, ఊళ్ళో చావైతే పరిగెత్తేవాళ్ళు, బిడ్డను హాస్టల్లో దింపాల్సినవాళ్ళు, అందరూ ఆ ఏర్పాటు మీదే బతుకుతున్నారు. సూపర్‌వైజర్లు చూసీ చూడనట్టు పోతారు. పైకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది కాబట్టి అది లేనట్టే లెక్క.

ఆదివారం పొద్దున ఇన్నయ్య సీట్లో కూర్చునేది జంపయ్య అని మహిమకు తెలుసు. చర్చికి వచ్చే ఆపరేటర్లు ఆ మాటా ఈ మాటా అనుకుంటుంటే విన్నది. జంపయ్యది కరకగూడెం అవతల అడవిలో కోయగూడెం. మాట తక్కువ మనిషి.

ఇన్నయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి, మెడలో ఎప్పుడూ ఉండే తువ్వాలు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"లైటు వెలిగిందా?" సాంబమూర్తి తలెత్తకుండా అడిగాడు.

"వెలిగింది సార్."

"బజర్ మోగిందా?"

"మోగింది."

"మరి ఎందుకు ఆపలే?"

"లోడుతో ర్యాంపు మీదున్న సార్. నడుమల ఆపితే ఎనక బండ్లన్నీ నిలబడ్తయి. పైకెక్కినంక ఆపుదామనుకున్న." ఇన్నయ్య తువ్వాలు కొసతో మెడ తుడుచుకున్నాడు. "ఎక్కేసరికి ఆలస్యమైంది."

"ఇంజనే పోయింది. ఆలస్యమైంది అంటవేంది?"

గురువారం హైదరాబాదు నుంచి నిర్ణయం వస్తుందని, అప్పటిదాకా గేటులోకి రావద్దని సాంబమూర్తి చెప్పాడు. నిర్ణయం ఏమిటో ఆ గదిలో ఎవరికీ అనుమానం లేదు. పోయినేడు గేర్‌బాక్సు పగలగొట్టినవాడికి ఏ నిర్ణయం వచ్చిందో అందరూ చూశారు.

మహిమకు ఆశ్చర్యమేసింది. చేయని తప్పును ఆయన అంత వివరంగా ఒప్పుకుంటున్నాడు. లోడు, ర్యాంపు, ఎనక బండ్లు. ఇదంతా జంపయ్య చెప్పి ఉంటాడు. చర్చిలో ఉన్నానని ఒక్క మాటంటే బయటపడతాడు, కానీ సీటు బదులు సంగతి బయటికొస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. అందుకే ఒక్కడే నెత్తినేసుకున్నాడు. మహిమ కూడా నోరెత్తలేదు. ఎత్తితే ఆయన త్యాగమంతా మట్టిలో పోసినట్టవుతుందని అనుకుంది. ఆ రోజంతా ఆమెకు ఆయన మీద భక్తిలాంటిది, జంపయ్య మీద అసహ్యం కలిగాయి.

*

మంగళవారం పొద్దున షిఫ్టు మారే ముందు, నీళ్ళ ట్యాంకరు దగ్గర జంపయ్య సీసా నింపుకుంటూ కనిపించాడు. మహిమ చుట్టూ చూసి దగ్గరికి పోయింది.

"ఆదివారం పొద్దున ఆ బండి నడిపింది నువ్వేనంట గదా?"

అతను సీసా మూత బిగించాడు. "నేనే మేడం."

"ఎర్ర లైటు చూసి ఎందుకాపలే?"

"లైటా? పొద్దున లైటు లేదు, మోత లేదు. బండి మంచిగనే ఉండె."

"పెట్టె అబద్ధం చెప్తదా?"

"పెట్టె సంగతి నాకు తెల్వదు. నేనైతే చూడలే."

"నువ్వు చూడలేదంటవ్. నీ కోసం ఇన్నయ్య బాబాయ్ ఉద్యోగం పోగొట్టుకుంటాండు. లైటు వెలిగింది, ఆపలేదు అని సార్ ముందట ఒప్పుకున్నడు."

జంపయ్య అప్పుడు తలెత్తాడు. "ఇన్నన్న ఒప్పుకున్నడా? తానే ఆపలేదన్నడా?"

"అవ్."

అతను కారుతున్న ట్యాంకరు కుళాయి గట్టిగా కట్టేశాడు. "అట్లయితే నన్నేం అడగకు మేడం," అని హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సిగ్గుతో తప్పించుకుంటున్నాడని మహిమ అనుకుంది. మనిషి మీద ఒక అభిప్రాయం ఏర్పడ్డాక అతను ఏం చేసినా దానికే సరిపోతుంది. కుళాయి కట్టినా సరిపోతుంది.

*

బుధవారం ఇంకో డంపర్ షెడ్డుకు వచ్చింది. సెన్సర్ ఒకటి పిచ్చి రీడింగులు ఇస్తోందని ఫిర్యాదు. మహిమ బానెట్ పక్కన స్టూలు వేసుకుని ఎక్కి, సెన్సర్ వైరు ఊడబీకింది. పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. టూత్ బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, మళ్ళీ గుచ్చింది. షెడ్డు గోడ గడియారంలో పది నలభై. వైరు ఊడబీకినందుకు పెట్టె తప్పకుండా ఒక ఫిర్యాదు రాసుకుని ఉంటుంది, దాన్ని చెరిపేద్దామని క్యాబిన్ ఎక్కి ల్యాప్‌టాప్ తెరిచింది.

ఫిర్యాదు ఉంది. సెన్సర్ తెగింది, ఈ రోజే. టైము మాత్రం తెల్లవారి ఐదు పది.

ఐదు పదికి ఈ బండి గని లోపల చెరువంత గుంతలో మట్టి మోస్తోంది. సెన్సర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకున్నది తను, ఇప్పుడే. మహిమ మళ్ళీ దిగి, వైరు ఇంకోసారి ఊడబీకి, గడియారం చూసి, గుచ్చి, ఎక్కి చూసింది. ఈసారీ అంతే. ఐదున్నర గంటలు వెనక.

ల్యాప్‌టాప్ కింది మూలన టైము సరిగ్గానే ఉంది. అది సరిగ్గా ఎందుకుందో గుర్తొచ్చింది. దసరా తర్వాత కొత్త ల్యాప్‌టాప్ హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు దాని టైము వెనకబడి ఉంది. గోడ గడియారం ముల్లు తిప్పినట్టు ఆమే దాన్ని ముందుకు జరిపి సరిచేసింది. ఏ దేశంలో ఉన్నాం అన్న గడి ఒకటి ఉంటుంది, దాని జోలికి పోలేదు. ఇప్పుడు తెరిచి చూస్తే అందులో ప్రపంచ సమయం అని ఉంది.

ఇంజన్ పెట్టెకు మణుగూరు తెలియదు. దానికి లోకమంతటికీ ఒకే టైము. ఆ టైములో రాసుకుంటుంది. చదివి చెప్పే సాఫ్ట్‌వేరు ల్యాప్‌టాప్‌ను నువ్వెక్కడున్నావని అడిగి, ఆ దేశపు తేడా కలిపి చూపిస్తుంది. ఇండియా అయితే ఐదున్నర గంటలు కలుపుతుంది. ఈ ల్యాప్‌టాప్ నేనెక్కడా లేనని చెప్పింది. సాఫ్ట్‌వేరు ఏమీ కలపలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా తప్పు వచ్చింది. తప్పు తనది.

మహిమ ఆ జాబితాలో కిందికి పోయి "చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ" అన్న వరస ఎంచుకుంది. మూలన టైము ఒక్కసారి సాయంత్రమైపోయింది. చేత్తో జరిపిన ఐదున్నర గంటలు వెనక్కి తీసేసింది. పాడైన డంపర్ దగ్గరికి పరిగెత్తి, కేబుల్ పెట్టి, పాత రికార్డు మళ్ళీ చదివింది.

ఆదివారం, మధ్యాహ్నం మూడు యాభై ఐదు.

అది రెండో షిఫ్టు. ఆఫీసు కంప్యూటర్లో హాజరు పట్టీ తెరిచి చూసింది. రెండో షిఫ్టు, ఆ బండి, జంపయ్య. మూడింటికి పంచ్ కొట్టాడు. మహిమకు అంతా ఒక్క దెబ్బకు సరిపోయింది. పొద్దున ఇన్నయ్య బదులు కూర్చుని, సాయంత్రం తన షిఫ్టూ తనే నడిపి ఉంటాడు. పదహారు గంటలు ఏకధాటిగా నడిపితే కళ్ళకు లైటు ఆనుతుందా? పొద్దున లైటు లేదని ఎంత తెలివిగా చెప్పాడు! పొద్దున ఎందుకుంటుంది, వెలిగింది సాయంత్రమైతే? తన షిఫ్టులో తను చేసిన పనికి ఇంకొకడు బలైపోతుంటే నన్నేం అడగకు అన్నాడు.

ఆమె కొత్త రిపోర్టు తయారు చేసింది. ల్యాప్‌టాప్ టైము తప్పుగా పెట్టింది తానేనని, మొదటి రిపోర్టు చెల్లదని కింద రాసింది. సాంబమూర్తికి, హైదరాబాదుకు ఒకేసారి మెయిల్ కొట్టింది. ఇన్ని రోజులకు ఊపిరి తీసుకున్నట్టయింది. సెన్సర్ బాగుచేసిన డంపర్‌ను పంపేసి, చేతులు కడుక్కుని, నాలుగింటికే స్కూటీ తీసింది.

*

ఇన్నయ్య ఇంటి ముందు వంకాయ మొక్కలకు ముళ్ళకంప కడుతున్నాడు. ఆయన భార్య పుల్లమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మహిమను చూడగానే ఆమె చాట పక్కన పెట్టింది.

"నువ్వు బయటపడ్డవ్ బాబాయ్," అంది మహిమ స్కూటీ స్టాండు కూడా వేయకుండా. "టైము తప్పు. నాదే తప్పు. లైటు వెలిగింది పొద్దున కాదు, మూడు యాభై ఐదుకు. నీ షిఫ్టే కాదు."

పుల్లమ్మ కళ్ళు మూసుకుని "స్తోత్రం తండ్రీ" అంది. ఆమె చేతుల్లో ఇంకా కొన్ని బియ్యపు గింజలు అతుక్కుని ఉన్నాయి.

ఇన్నయ్య కంప కింద పెట్టాడు. వేలికి గుచ్చుకున్న ముల్లు పంటితో తీసి ఊశాడు. "పంపినవా?"

"పంపిన. సార్‌కు, హైదరాబాదుకు ఇద్దరికీ."

"అయితే జంపయ్య పేరొస్తది."

"రావాల్సిందే గదా. చేసిందాయనే."

"ఆయన కాదు బిడ్డా." ఇన్నయ్య గొంతు మామూలుగానే ఉంది. "పొద్దున నా సీట్ల ఆయన, మూడింటి నుంచి ఆయన సీట్ల నేను. రెండో షిఫ్టు దిగినంక వాళ్ళ గూడేనికి ఆటో ఉండదు. పిల్లల్ని చూసొస్తడని ఆదివారం ఎల్తురుండంగనే పంపిస్త. ఎప్పుడూ గంతే మాకు. ఎర్ర లైటు నాకే వెలిగింది."

మహిమకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "మరి సోమవారం చెప్పలేదేంది? రిపోర్టుల పొద్దుటి టైముంటే కాదని అనాలె గదా!"

"నన్నెవలు అడిగిండ్రు టైము? లైటు వెలిగిందా అన్నరు, వెలిగింది. ఎందుకాపలేదన్నరు, చెప్పిన. పెట్టె ఎన్నింటికి రాసుకుంటే నాకేంది? చేసింది నేను, నా పేరే వచ్చింది. సరిపోయింది అనుకున్న."

పుల్లమ్మ భర్త ముఖంలోకి, మహిమ ముఖంలోకి మార్చి మార్చి చూసింది. "వచ్చిన మేలు కాలదన్నుకుంటవా?" అని అడిగింది. "పెద్దదాని కాన్పు నెలల పడ్డది. ఇంట్ల నువ్వొక్కనివే సంపాదించేటోడివి."

"జంపయ్య ఇంట్ల ఎంతమంది సంపాదిస్తున్నరే?" అన్నాడు ఇన్నయ్య.

ఆమె చాట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది గానీ ఏరలేదు. మహిమ అక్కడ ఇంకా నిలబడలేకపోయింది. తప్పు టైము చదివితే సరైన పేరొచ్చింది, టైము సరిదిద్దితే తప్పు పేరొచ్చింది. తన మీద తనకే కోపమొచ్చింది.

*

గురువారం పొద్దున ఆఫీసు మెట్ల మీద జంపయ్య కూర్చుని ఉన్నాడు. గేటు పాసు అప్పటికే తీసేసుకున్నారు. లోపల సాంబమూర్తి ఎదుట ఇన్నయ్య, పక్కన మహిమ. కిటికీ అవతల నలుగురైదుగురు ఆపరేటర్లు పని ఉన్నట్టు తచ్చాడుతున్నారు.

"సాయంత్రం ఆ సీట్ల ఉన్నది నేను సార్," ఇన్నయ్య రెండోసారి చెప్పాడు.

"సోమవారం మొదటి షిఫ్టంటే నేనే అన్నవ్. ఇయ్యాల రెండో షిఫ్టంటే మళ్ళా నేనే అంటున్నవ్. మూడో షిఫ్టని వస్తే గదీ నువ్వేనా?" సాంబమూర్తి కళ్ళద్దాలు దించుకున్నాడు. "పంచ్ జంపయ్యది. టైము మేడం సరిచేసింది. దోస్తు కోసం నువ్వు అడ్డం పడ్తున్నవ్, గంతే."

"పంచ్ కొట్టింది ఆయన, కూసున్నది నేను."

"ఎవలన్న చూసిండ్రా?" ఆయన కిటికీ వైపు చూశాడు. "చూసినోడు లోపలికి రమ్మను."

కిటికీ అవతల తలలు కిందికి వాలాయి. ఆదివారం అక్కడ ఉన్నవాళ్ళందరూ చూశారు. చూశామంటే సీటు బదులు ఉందని ఒప్పుకున్నట్టు. రేపటి నుంచి ఎవరి చర్చి, ఎవరి ఊరు, ఎవరి చావు వాళ్ళకు అందకుండా పోతాయి. ఒకడు బూటు లేసు కట్టుకోవడానికి వంగి చాలాసేపటిదాకా లేవలేదు.

"పొద్దున ఆయన నా బదులు నడిపిండు సార్. నేను చర్చిల ఉన్న. గందుకే సాయంత్రం ఆయన బదులు నేను."

"చర్చిల ఉన్నవని ఎవలు చెప్పాలె? పొద్దున నీ పంచ్ ఈడ ఉంది."

ఇన్నయ్య మహిమ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బల్ల అంచు మీద బొగ్గు మరకను బొటనవేలితో తుడుస్తున్నాడు. చూస్తే ఆమెను అడిగినట్టవుతుందని చూడటం లేదని మహిమకు తెలిసింది. నోరు మెదపకుండా ఉంటే ఆయన మధ్యాహ్నం డ్యూటీ ఎక్కుతాడు. తన రిపోర్టు అక్షరం తప్పు లేకుండా నిలబడుతుంది. మెట్ల మీది మనిషి ఎవరికీ ఏమీ చెప్పకుండా గూడేనికి పోతాడు. పోతాడని ఆమెకు ఖాయంగా తెలుసు.

"నేను చూసిన సార్," అంది.

సాంబమూర్తి ఆమె వైపు తిరిగాడు.

"ఆదివారం పొద్దున ఆరాధన మొదలైన కాడి నుంచి అయిపోయేదాక చర్చిలనే ఉన్నడు. నేను పాట పాడిన, ఆయన డోలక్ వాయించిండు. పంచ్ పేరుకే. పొద్దున ఆయన సీట్ల ఆయన లేడు, సాయంత్రం జంపయ్య సీట్ల జంపయ్య లేడు."

"మరి సోమవారం ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఈయన ఉద్యోగం పోతదని."

"ఇప్పుడు పోదా?"

"పోతది సార్," అంది మహిమ. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. తుడుచుకోనూ లేదు.

సాంబమూర్తి చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, పైకి ఏదో ఒకటి పంపాల్సినవాడు. బదులు మారినందుకు జంపయ్యను వారం రోజులు ఆపుతానని, తర్వాత వచ్చి డ్యూటీ ఎక్కమనమని చెప్పాడు. ఇన్నయ్యకు ఏమీ చెప్పలేదు. మహిమ రిపోర్టు తీసి ఆమె ముందుకు తోశాడు.

"టైము కింద ఖాళీ ఉంది చూడు. నడిపినోడి పేరు నువ్వే రాసి సంతకం పెట్టు. మళ్ళా మార్చేది లేదు."

మహిమ పెన్ను తీసుకుంది. కాగితం మీద ఇ అన్న అక్షరం పెట్టి ఆగింది. ఇన్నయ్య వంగి చూశాడు.

"ఇంటిపేరు గూడ రాయి బిడ్డా," అన్నాడు. "ఈ సైటుల ఇన్నయ్యలం ముగ్గురమున్నం. ఒట్టి ఇన్నయ్య అంటే ఇంకోని మీదికి పోతది."

మహిమ ఆ అక్షరం కొట్టేసి, ముందు ఇంటిపేరు రాసింది.